సలామ్ చెప్పిన ఎడిటర్

పదిహేను రోజులుగా ఈమాక్స్ అనే కోడ్ ఎడిటర్ వాడుతున్నాను. నాకు కొత్తదే గానీ దునియాకు కొత్తది కాదు. దీని తొలి రూపం 1976లో అమెరికాలోని ఎంఐటీ లాబ్‌లో పుట్టింది. ఇప్పుడు అందరూ వాడే గ్నూ ఈమాక్స్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో బయటికి ఇచ్చాడు. అంటే వయసులో నాకంటే పెద్దది. పెద్దవాళ్ల దగ్గర ఉండాల్సిన సబర్ దీని దగ్గర కూడా కావాలని మొదటి గంటలోనే అర్థమైంది.

కోడ్ ఎడిటర్ అంటే ఏందో తెలియని ఆపాలకు, ఖాలాలకు ఒక మాట. ఇది ప్రోగ్రాములు రాసేవాళ్ల కలం-దవాత్. పెళ్లి దావత్‌నామా చేసే సాఫ్ట్‌వేర్ లాగా అక్షరాలను సింగారించదు. ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం ఉందో ఉన్నదున్నట్టు చూపించి, అట్లనే దాచిపెడుతుంది. నేను కర్నూలులో ఇంట్లో కూర్చునే ఒక బెంగళూరు కంపెనీకి పని చేస్తాను. ఎనిమిదేళ్లుగా చేతికి అలవాటైన ఎడిటర్ ఒకటుంది. పేరెందుకులే, ఆఫీసు పనికి దాని మీద నాకే షికాయత్ లేదు. పేచీ వచ్చింది నానాజాన్ బయాజ్ దగ్గర.

మా నానా, అంటే అమ్మీ వాళ్ల అబ్బా, కడపలో దస్తావేజులు రాసే ముహర్రిర్. ఆయన ఒక బయాజ్ పెట్టుకున్నారు. అరజీల్లో, క్రయపత్రాల్లో వచ్చే ఒక్కో లఫ్జ్‌ను పైన తెలుగులో, కింద ఉర్దూలో రాసి, పక్కన మతలబ్ ఏ జబాన్‌లో తోస్తే ఆ జబాన్‌లో రాసుకున్నారు. మొత్తం 112 పేజీలు. కాగితం ఇప్పుడు పాపడ్ లాగా ఉంది, తిప్పితే మూలలు రాలుతున్నాయి. ఫోటోలు తీసి పెట్టుకున్నాం. కానీ ఫోటోలో లఫ్జ్ వెతకలేం కదా. టైపు చేయాలి.

టైపు చేసేది ఎవరి కోసం అన్నది అసల్ మసలా. కడపలో ఉన్న అమ్మీ ఉర్దూ చదువుతుంది. తెలుగు నీళ్లు తాగినట్టు మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం చదవదు, ఆమె చదివింది ఐదో తరగతి దాకా ఉర్దూ స్కూల్లో. నా బిడ్డ ఆరో తరగతి. తెలుగు, ఇంగ్లిషు గడగడా చదువుతుంది. అరబీ నాజరా చదివింది గానీ ఉర్దూ వాక్యం పెడితే జేర్-జబర్ లేకుండా ఎట్లా చదవాలని అడుగుతుంది. నానీకి ఒక వరుస, మనవరాలికి ఒక వరుస కావాలి, రెండూ ఒకే ఫైలులో పక్కపక్కన ఉండాలి. మన ఘరానాలు చాలావాటిలో ఇదే హాల్ అని నాకు తెలుసు.

ఒక్క లిపిలో పెడితే సరిపోదా అని మా ఆయన అడిగాడు. సరిపోదు. ‘జమీన్’లో జె, ‘జిక్ర్’లో జాల్, ‘జుల్మ్’లో జోయ్, కోర్టు వాళ్లు ‘జప్తు’ అనే మాటకు అసలు రూపమైన ‘జబ్త్’లో జ్వాద్. ఉర్దూలో నలుగురు వేరువేరు మనుషులు, తెలుగులో నలుగురికీ ఒకటే జ. పోనీ ఉర్దూ మాత్రమే ఉంచుదామా అంటే అక్కడ ఇంకో తంటా. మీమ్, లామ్, కాఫ్ అని మూడు హర్ఫులు రాస్తే అది ‘ముల్క్’ కావచ్చు, దేశం. ‘మలిక్’ కావచ్చు, రాజు. ‘మలక్’ కావచ్చు, ఫరిష్తా. ‘మిల్క్’ కూడా కావచ్చు, అంటే ఆస్తి. దస్తావేజులు రాసే మనిషికి రాజుకూ ఆస్తికీ తేడా తెలియకపోతే ఎట్లా? అందుకే నానాజాన్ పైన తెలుగు రాశారు. తెలుగులో గుణింతం దాక్కోదు. ఒక లిపి మరిచిపోయేదాన్ని ఇంకోటి గుర్తుంచుకుంటుంది.

పాత ఎడిటర్‌లో నాలుగు రాత్రులు ప్రయత్నించాను. తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకు. ఇక్కడ కర్సర్ పెట్టి కొడితే చెరిగేది అక్కడ. ఉర్దూ లఫ్జ్‌ను సెలెక్ట్ చేస్తే సగం మాత్రమే నీలంగా వచ్చేది, అదీ వేరే సగం. ఒక రాత్రి ‘వకాలత్’లోంచి లామ్ ఎగిరిపోయింది, అది పోయినట్టు కూడా తెరమీద తెలియలేదు. ఇట్లా 112 పేజీలు చేస్తే నానాజాన్ బయాజ్ కాదు, ఇంకెవరిదో తయారవుతుంది. మా టీమ్‌లో ఉండే ఒక పెద్దాయన, ఆయనది మైసూరు, నా గోల విని ‘ఈమాక్స్‌లో చూడమ్మా, రెండు దిక్కుల రాత అందులో గట్టిగా చేశారు’ అన్నాడు. ఆయన మాట మీద ఇంట్లో ఉన్న 4 జీబీ పాత లాప్‌టాప్‌లో దించాను.

తెరవగానే కనిపించిన మొహం చెప్తాను. తెల్లటి తెర, పైన పాతకాలం బొమ్మల బటన్లు, మధ్యలో ఒక అడవిదున్న తల. పాత కచేరీ కౌంటర్ ముందు నిలబడినట్టుంది. కాపీకి అందరూ వాడే కంట్రోల్ సి ఇక్కడ ఇంకేదో మొదలుపెడుతుంది. కత్తిరించడాన్ని ‘కిల్’ అంటారు, అతికించడాన్ని ‘యాంక్’ అంటారు. ఫైలు దాచాలంటే కంట్రోల్ ఎక్స్, ఆ వెంటే కంట్రోల్ ఎస్. ఏమన్నా తారుమారైతే కంట్రోల్ జి, అది మాత్రం మొదటి రోజే నేర్చుకోవాలి, తౌబా లాంటిది. చిటికెనవేలు రెండో రోజుకే నొప్పి పెట్టింది. వాడేవాళ్లలో ఈ నొప్పికి ఒక పేరే ఉందట. నేర్పే పాఠం ఒకటి లోపలే ఉంది. అది హీబ్రూలో ఉంది, థాయ్‌లో ఉంది, తెలుగులో లేదు. కొంచెం బాధనిపించింది.

బరువు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఒకప్పుడు దీన్ని ‘ఎనిమిది మెగాబైట్లు మింగి ఎప్పుడూ ఆయాసపడేది’ అని మజాక్ చేసేవాళ్లు. ఎనిమిది మెగాబైట్లంటే మహా సంపద అనుకునే జమానా అది. ఇప్పటి ఎడిటర్లలో చాలావరకు లోపల ఒక మొత్తం బ్రౌజర్‌ను మోస్తూ తిరుగుతాయి. వాటి పక్కన ఇది బక్కమనిషి. మే నెల కర్నూలు ఎండలో, ఫ్యాన్ గాలి కూడా వేడిగా కొట్టే మధ్యాహ్నం, ఆ పాత లాప్‌టాప్ అరవకుండా పని చేసిందంటే నాకు తాజుబ్.

మూడో రోజు ఇషా తర్వాత ఒక పేజీ దొరికింది. కంట్రోల్ హెచ్ నొక్కి, మళ్లీ హెచ్ నొక్కితే ఒక ఫైలు తెరుచుకుంటుంది. దునియాలోని ఎన్నో జబాన్లలో పలకరింపులు వరుసగా ఉంటాయి. అక్షరాలన్నీ సరిగా కనిపిస్తున్నాయా లేదా అని చూసుకోవడానికి పెట్టిన ఫైలు అది. పైన అరబీ వరుసలో ‘అస్సలాము అలైకుమ్’. కిందికి వస్తే తెలుగు వరుసలో ‘నమస్కారం’. ఒకే తెర మీద రెండూ, ఏదీ విరగకుండా. మా ఇంటి గడపలో పొద్దున్నుంచి రాత్రి దాకా వినిపించేవి ఈ రెండే కదా. బిడ్డను పిలిచి చూపించాను. ‘మన ఇంటికి వచ్చి రాసుకుపోయారా?’ అంది.

ఇక అసలు పని. ఇందులో రెండు దిక్కుల రాత 2012లో వచ్చిన 24వ వెర్షన్‌తో చేరింది. ఆ భాగం రాసిన మనిషి ఎలీ జారెత్‌స్కీ. ఖాయిదా ఇట్లా ఉంటుంది: ఖాళీ వరుసల మధ్య ఉన్న పేరాలో మొదట వచ్చిన అక్షరం ఏ లిపిదో చూసి, పేరా మొత్తం ఆ దిక్కుకు తిరుగుతుంది. తెలుగుతో మొదలుపెడితే ఎడమ అంచున నిలబడుతుంది, ఉర్దూతో మొదలుపెడితే దానంతట అదే కుడి అంచుకు పోతుంది. అందుకని తెలుగు లఫ్జ్ ఒక వరుస, ఒక ఖాళీ వరుస, ఉర్దూ లఫ్జ్ ఒక వరుస, మళ్లీ ఖాళీ వరుస అని పెట్టుకున్నాను. నానాజాన్ పేజీ కూడా కొంచెం ఇట్లనే ఉంటుంది. ఉర్దూలో ఉన్నప్పుడు ఎడమ బాణం నొక్కితే కర్సర్ రాత నడిచే దారిలో ముందుకు పోతుంది. ముందుకు అన్నమాట రాతను బట్టి, గోడను బట్టి కాదు. ఉర్దూ లఫ్జ్ తర్వాత పేజీ నంబరు రాస్తే అది ఎగిరి అవతలి పక్కకు పోయే మాట మాత్రం ఇక్కడా ఉంది. అది ఎడిటర్ లోపం కాదు, యూనికోడ్ వాళ్ల ఖాయిదానే అంత. నంబర్లను తెలుగు వరుసలోకి మార్చేశాను, గొడవ ఖతం.

తెలుగులో ఇంకా హుషారు. ‘స్త్రీ’ అని రాసి, దాని మీద కర్సర్ పెట్టి, ఇది ఏమిటి అని అడిగే మీటలు నొక్కాను. లోపల ఉన్న ఆరింటినీ విడదీసి చెప్పింది: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. మన కంటికి ఒక్కటే అక్షరం, మెషీన్‌కు ఆరుగురు. డిలీట్ నొక్కితే అక్షరం మొత్తం పోతుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే చివర కట్టిన గుణింతం నుంచి ఒక్కొక్కటే ఊడుతుంది. ఎవరో కూర్చుని ఈ తేడా ఆలోచించారు. ఒత్తు తప్పు పడితే అక్షరమంతా కూల్చకుండా సర్దుకోవచ్చు. పాత ఎడిటర్‌లో నేనెప్పుడూ ఇది అడగను కూడా లేదు, ఎందుకంటే అక్కడ తెలుగు రాయాలనే ఖయాలే రాలేదు. మన ఇంటి జబాన్ కామెంట్లలో కూడా రాయం మనం.

ఈ అక్షరాలను అతికి చూపించే పని ఈమాక్స్ సొంతంగా చేయదు, ఒక లైబ్రరీ చేత చేయించుకుంటుంది. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి ఆ పని ఎక్కువగా హార్ఫ్‌బజ్‌ది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కూడా దాన్నే వాడతాయి. ఆ పేరు చదివి ఇదేదో ఇంగ్లిషు మాట అనుకుంటారు అందరూ. కాదు! ‘హర్ఫ్ బాజ్’. ఫార్సీ. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచిన. ‘ఓపెన్‌టైప్’ అనే ఫాంటు పద్ధతి పేరును ఇరాన్‌లో పుట్టిన ప్రోగ్రామర్ బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ అట్లా ఫార్సీలోకి తిప్పి పెట్టాడు. మీ ఫోనులో ఈ తెలుగు ఒత్తులు సరిగా అతుక్కుని కనిపిస్తున్నాయంటే, ఆండ్రాయిడ్ అయితే, ఆ పని చేసేది ఒక ఫార్సీ పేరు. అమ్మీకి ఫోన్లో చెప్తే ‘హర్ఫ్ మనదే, పేరు తెలియకుండా వాడుకుంటున్నారు’ అని నవ్వింది.

కంప్యూటర్ ఖబర్లలో మన లిపులు ఎక్కడ కనిపించాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 2018 ఫిబ్రవరిలో తెలుగు పేరు దునియా అంతా మోగింది, ఎందుకు? ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం ఒక రకంగా కూర్చి పంపితే ఐఫోన్ యాప్‌లు కూలిపోతున్నాయని. నాలుగైదు రోజుల్లో యాపిల్ సరిచేసింది. ఇక కుడి నుంచి ఎడమకు నడిచే రాత సంగతి. 2021 నవంబరులో కేంబ్రిడ్జ్‌లో నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ అనే ఇద్దరు, రాత దిక్కు మార్చే కనిపించని గుర్తులను కోడ్‌లో దాచిపెడితే చదివే మనిషికి ఒకటి, మెషీన్‌కు ఇంకోటి కనిపించేలా మోసం చేయవచ్చని చూపించారు. వాళ్లు చేసింది మంచి పనే, నిజమైన ఖతరానే. ఆ తర్వాత ఎడిటర్లు ఆ గుర్తులు కనిపిస్తే హెచ్చరిక పెట్టడం మొదలుపెట్టాయి. కానీ చూడండి, జ్ఞానంలోని జ్ఞా వచ్చింది ఫోను పగలగొట్టేదిగా, ఉర్దూ నడిచే దిక్కు వచ్చింది దొంగ తోవగా. రాయడానికి, చదవడానికి ఆ లిపులు వాడేవాళ్లు కోట్లమంది ఉన్నారనే సంగతి అంత పెద్ద ఖబర్ కాలేదు. ఆ సలామ్ పేజీ చూసి నాకు అంత సంతోషం ఎందుకైందో దీన్ని బట్టి మీకు తెలుస్తుంది.

అన్నీ పొగడ్తలే కాదు. తెలుగు, ఉర్దూ పట్టికలో పెడితే గళ్లు వంకర పోతాయి. కోడ్ రాసేవాళ్ల లోకంలో ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు గది. మన ‘క్షౌ’ ఆ గదిలో ఎట్లా పడుతుంది? పట్టిక ఖయాల్ వదిలేశాను. రెండోది ఉర్దూ ఖత్. మొదట తెరమీద వచ్చింది నస్ఖ్. వారం తర్వాత లాప్‌టాప్ తీసుకుని కడప పోయాను, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో. అమ్మీ కళ్లజోడు సర్దుకుని చూసి ‘ఐసా నక్కో’ అనేసింది. ‘ఇది ఖురాన్ షరీఫ్ రాత లాగుంది. మా అబ్బా ఖత్ ఇట్లుంటదా?’

నిజమే. ఉర్దూ అంటే మన కంటికి నస్తాలీఖ్, పైనుంచి కిందికి జారుతూ వచ్చే రాత. సెట్టింగుల ఫైలులో, అరబీ లిపికి నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటు వాడు అని ఒక వరుస రాశాను. ఇక్కడ బటన్లు తక్కువ, హుకుం రాత రూపంలో ఇవ్వాలి, లిస్ప్ అనే భాషలో. వరుసల మధ్య జాగా పెరిగి తెర చిందరవందరగా అయింది, పేజీకి పది లఫ్జులు కూడా పట్టడం లేదు. అమ్మీకి మాత్రం అది నచ్చింది. వేలు పెట్టి ఒక్కొక్కటి చదవడం మొదలుపెట్టింది. పక్కనే నా బిడ్డ పై వరుస తెలుగులో చదువుతోంది. ‘ఖరారు’ అని ఈమె, ‘ఖరార్’ అని ఆమె. ‘ఫిర్యాదు’, ‘ఫర్యాద్’. ‘హాజరు’, ‘హాజిర్’. అసర్ దాకా ఇద్దరూ లేవలేదు. నేను టీ పెట్టడానికి లేచాను.

కడపలో ఈ పని కొత్తది కాదని అప్పుడు గుర్తొచ్చింది. సి.పి. బ్రౌన్ 1820లో కంపెనీ ఉద్యోగిగా వచ్చింది ఆ ఊరికే. ఆయన తెలుగు నిఘంటువు అందరికీ తెలుసు. 1854లో ఇంకోటి అచ్చు వేశాడు, మిశ్రభాషా నిఘంటువు. కచేరీల్లో, వ్యాపారాల్లో తెలుగులో కలిసిపోయిన అరబీ, ఫార్సీ, హిందుస్తానీ మాటలు ఏరి పెట్టాడు. తెల్లదొరకు ఆ మాటలు అర్థం కాక అవసరమయ్యాయి. నానాజాన్‌కు రెండు వైపులా అర్థమయ్యేవి, అరజీదారుకు అర్థం చేయించడానికి రాసుకున్నారు. బ్రౌన్ పుస్తకం ఆయన చూశారో లేదో అమ్మీకి తెలియదు.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఈమాక్స్‌లో క్యాలెండర్ ఉంది. ఏ తేదీ మీదైనా నిలబడి పి, ఐ అని నొక్కితే హిజ్రీ తారీఖు చెప్తుంది. బయాజ్ మొదటి పేజీలో నానాజాన్ రెండు తారీఖులూ వేశారు: 14 రజబ్ 1374, 9 మార్చి 1955, బుధవారం. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులు. 9 మార్చి 1955 మీద పెట్టి నొక్కాను. బుధవారమే, కానీ 15 రజబ్ అంది. మెషీన్ లెక్క కట్టి చెప్తుంది, చాంద్ చూడదు. నానాజాన్ తారీఖు ఒకరోజు వెనక ఉందంటే, ఆ నెల కడపలో చాంద్ లెక్కకంటే ఒక రోజు ఆలస్యంగా కనిపించి ఉంటుంది. ఫైలులో ఆయన రాసిన 14 అట్లనే ఉంచాను.

ఆఫీసు పనికి దీనికి మారతానా అని మైసూరు పెద్దాయన అడిగాడు. లేదు, ఆ పని పాత ఎడిటర్‌లోనే సాగుతోంది, నా వేళ్లకు రెండు రకాల అలవాట్లు చేయడం కష్టం. ఇది నానాజాన్ బయాజ్ కోసం. ఇప్పటికి 41 పేజీలు అయ్యాయి. 41వ పేజీలో ఒక మాట దగ్గర ఆగాం. అది కచేరీ మాట కాదు, అంచున చిన్నగా రాసుకున్నది. తెలుగులో ‘సదా’ అని స్పష్టంగా ఉంది. ఉర్దూలో మొదటి హర్ఫ్ మీద ఎప్పుడో నీళ్లు పడ్డాయి, మతలబ్ కూడా చెరిగింది. అది సీన్ అయితే ఎల్లప్పుడూ అని, స్వాద్ అయితే పిలుపు, గొంతు అని. నాకు సీన్ పళ్లు కనిపిస్తున్నాయి. అమ్మీ మాత్రం ‘స్వాదే, మా అబ్బా స్వాద్ కడుపు ఇట్లనే ఉంటది’ అంటుంది. ఫైలులో రెండూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. బిడ్డకు సెలవులు రాగానే మళ్లీ కడప పోతాం, ఈసారి భూతద్దం తీసుకుని.